మిర్చి ఏరబోయే తల్లికి పాలిచ్చే టైము ఎవరిస్తారు?

(తల్లిపాల వారోత్సవాల్లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని ఒక ఊళ్లో, తెలుగు మాట్లాడే కుటుంబాల కోసం జరిగిన సభలో పిల్లల డాక్టరమ్మ ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేసి మిగతాదంతా ఆమె మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. రేకుల మీద వాన చప్పుడు ఎక్కువగా ఉంది. వెనకాల వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను. అవ్వలంతా ముందుకు రండి. ఇవాళ నేను బాలింతల కంటే ఎక్కువగా మీతోనే మాట్లాడాలని వచ్చాను. అవునవ్వా, మీతోనే. గుమ్మం దగ్గర నిలబడ్డ బాపులతో, తమ్ముళ్లతో కూడా. ఆడవాళ్ల ముచ్చట మాకెందుకని జారుకోకండి. మీ సంగతి చివర్లో ఉంది, దానికోసమైనా ఉండండి.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు ఈ వారోత్సవాలు జరుపుతారు. 1992 నుంచి ప్రపంచమంతా జరుపుతున్నారు. మేం వస్తాం, తల్లిపాలు అమృతం అంటాం, అంగన్‌వాడీ గోడకు ఓ పోస్టరు అంటిస్తాం, జీపెక్కి వెళ్లిపోతాం. ఆ పోస్టరు చూసి తల్లి ఏమనుకుంటుంది? ఈ మాత్రం నాకు తెలియదా అనుకుంటుంది. తెలుసు మరి! ఈ ఊళ్లో పాలివ్వని తల్లిని ఒక్కర్ని చూపించండి చూద్దాం. అందరూ ఇస్తారు. మరి ఎక్కడ వస్తోంది ఇబ్బంది? ఇస్తారు, కానీ మొదటి రెండు మూడు రోజులు ఇవ్వరు. ఇస్తారు, కానీ నడుమ ఘుట్టి, అదే వస, జాజికాయ లాంటివి అరగదీసింది, నాకిస్తారు, నీళ్లు పోస్తారు. ఇస్తారు, కానీ మూడో నెల రాగానే మిర్చి ఏరడానికి పోతారు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. వీటిలో తల్లి తనకు తానుగా తీసుకున్న నిర్ణయం ఏది? ముర్రుపాలు పిండి పారబొయ్యమన్నది ఎవరు? ఘుట్టి అరగదీసింది ఎవరు? మిర్చికి పోయేవాళ్ల లెక్కలో ఆమె పేరు చెప్పింది ఎవరు? ఆలోచించండి. నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు ఆలోచిస్తూ ఉండండి.

మొదట ముర్రుపాల సంగతి. మీ ఇంట్లో బర్రె ఈనుతుంది. ఆ మొదటి పాలు మీరేం చేస్తారు? ముందు దూడకు తాగిస్తారు, అది తాగగా మిగిలిందే జున్నుకు. ముర్రు తాగని దూడ నిలవదని ఇక్కడ పదేళ్ల పిల్లగాడికి కూడా తెలుసు. మరి మనిషి బిడ్డ దగ్గరకు వచ్చేసరికి అవే పాలు పచ్చగా ఉన్నాయి, చిక్కగా ఉన్నాయి, అరగవు, పారబొయ్యి అంటాం. ఎందుకమ్మా? దూడకు పనికొచ్చేది బిడ్డకు పనికిరాదా?

ఆ పసుపు పాలలో ఏముందో చెబుతాను. తల్లి ఇన్నేళ్లలో ఏ జబ్బులతో పోరాడిందో, ఆ పోరాడే శక్తి అందులో ఉంటుంది. డాక్టర్లు యాంటీబాడీలు అంటారు. అవి బిడ్డ గొంతుకూ పేగుకూ లోపలి నుంచి పూత పూసినట్టు అంటుకుని క్రిములను లోపలికి రానివ్వవు. విటమిన్ ‘ఎ’ బాగా ఉంటుంది. ఇంకో మేలు, బిడ్డ మొదట నల్లగా, జిగురుగా దొడ్డికి పోతాడు చూశారా, అది త్వరగా బయటపడేలా చేస్తాయి ఈ పాలు. అది లోపల నిలిచిపోతే కామెర్లు పెరుగుతాయి. కొద్దిగానే వస్తున్నాయే అని అవ్వలు కంగారుపడతారు. కొద్దిగానే వస్తాయి. మొదటి రోజు బిడ్డకు ఒక్కో విడత ఒక చెంచా, చెంచాన్నర సరిపోతుంది. వాడి పొట్టే అంత. చెంచాడు పాలు చూసి పాలు పడలేదని తీర్మానం చేసేస్తే ఎలా?

ఘనా అని ఆఫ్రికాలో ఓ దేశం ఉంది. అక్కడ పది వేలకు పైగా పసిబిడ్డలను గమనించి 2006లో ఒక పరిశోధన అచ్చు వేశారు. పుట్టిన గంటలోపు పాలు మొదలుపెడితే, నెల నిండకుండా పోయే పిల్లల్లో నూటికి 22 మందిని నిలబెట్టుకోవచ్చని తేలింది. మందు లేదు, మిషను లేదు. గంటలోపు రొమ్ముకు పెట్టడం, అంతే.

ఈ తప్పంతా అవ్వలదే అంటున్నానని కోపం తెచ్చుకోకండి. మా ఆసుపత్రుల వాటా మా ఆసుపత్రులకు ఉంది. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో నూటికి 88 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. గంటలోపు పాలు అందింది మాత్రం నూటికి 42 మందికే. అంటే ఏంటి? ఆసుపత్రిలో పుట్టినా గంటలోపు పాలు అందడం లేదు. బిడ్డను తుడిచి, తూకం వేసి, గుడ్డ చుట్టి, బయట నిలబడ్డ చుట్టాలకు చూపించి, ఫోటో తీసి, ఆ తరువాత తల్లి దగ్గరకు తెస్తారు. ఫోటో తరువాత తీసుకోవచ్చు బాపూ! బిడ్డ ఏడ్చాడు, బాగున్నాడు, వెంటనే తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టాలి. ఒంటికి ఒళ్లు తగలాలి, పైన గుడ్డ కప్పాలి. ఒళ్లు చల్లబడదు, వాడే వెతుక్కుంటాడు. సిజేరియన్ అయినా సరే. నడుముకు సూది ఇచ్చి చేసిన ఆపరేషన్ అయితే తల్లికి మెలకువే ఉంటుంది కదా, నర్సు పట్టుకుంటే అక్కడే తాగించవచ్చు. మీరు అడగండి. సిస్టర్, బిడ్డను పెట్టండి అని అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

ఇక ఘుట్టి. ఇది మన తెలుగువాళ్లకూ ఉంది, మరాఠీవాళ్లకూ ఉంది. మనకు వస ఒక్కటే, వాళ్ల దగ్గర చూసి జాజికాయ, కరక్కాయ, బాదం కూడా కలిపాం. సానరాయి మీద నాలుగు చుక్కల పాలో నీళ్లో పోసి ఒక్కోటి ఇన్ని చుట్లు అని అరగదీసి, వేలితో తీసి నాలుక మీద రాస్తారు. మాట స్పష్టంగా వస్తుందని, కడుపు నొప్పి పోతుందని. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ అవ్వా, ఆ సానరాయి ఎక్కడ పెడతారు? వంటింటి కిటికీలో. రాత్రి దాని మీద నుంచి ఏమేం పాకుతాయి? అరగదీసే నీళ్లు ఏ కుండలోవి? రాసే వేలు అంతకుముందు ఏం పట్టుకుంది? ఇరవై రోజుల పేగు అది, దాన్ని తట్టుకోలేదు. తెల్లారేసరికి విరేచనాలు.

జాజికాయది ఇంకో కథ. ఘుట్టి పెట్టగానే పాప హాయిగా నిద్రపోయింది, ఎంత బాగా పని చేసిందో అంటారు. పని చేయడం కాదమ్మా అది. జాజికాయ ఎక్కువైతే మత్తు వస్తుంది. మత్తులో ఉన్న బిడ్డ ఆకలైనా లేవడు, రెండు విడతల పాలు పోతాయి. అక్కడ తల్లి రొమ్ములో పాలు నిండి గట్టిపడి నొప్పి, జ్వరం. తేనె అయితే ఏడాది లోపు అసలు వద్దు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి పెద్దవాళ్లను ఏమీ చేయదు, పసివాళ్ల నరాలను పట్టేస్తుంది.

నీళ్ల మాట ఎవరో అడగబోతున్నారు, ముందే చెప్పేస్తాను. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, పెద్దవాళ్లకే నోరు ఎండుకుపోతుంది, పసిబిడ్డకు చెంచాడు నీళ్లు పోయకపోతే ఎలా డాక్టరమ్మా? అదే కదా? తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. దాహమేసినప్పుడు బిడ్డ కాసేపు తాగి వదిలేస్తాడు, మొదట వచ్చే పాలు పల్చగానే ఉంటాయి, దాహం తీరుతుంది. ఆరు నెలల దాకా నీళ్లు వద్దు. చెంచా కూడా వద్దు. ఆ నీళ్లు ఎవరికి కావాలో తెలుసా? తల్లికి! ఆమెకేమో బాలింత, ఒళ్లు నీరు పడుతుందని గుక్కెడు గుక్కెడు లెక్కపెట్టి ఇస్తారు. అటూ ఇటూ తారుమారు చేశాం మనం.

తిండి కూడా అంతే. పత్తెం పేరుతో ఎండు కారం, ఎల్లిపాయ, ఇంత అన్నం. పప్పు వాతం, గుడ్డు వేడి, ఆకుకూర పిల్లకు పడదు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 500 నుంచి 600 క్యాలరీలు ఎక్కువ కావాలి. మన లెక్కలో చెప్పాలంటే ఇంకో పూట కడుపు నిండా తినాలి. మహారాష్ట్ర ప్రభుత్వం ఆదివాసీ ప్రాంతాల్లో అమృత్ ఆహార్ అని అంగన్‌వాడీలో కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు వేడి భోజనం పెడుతుంది. ఆ పథకం ఉన్న ఊళ్లో ఆ భోజనం ఆమెను తిననివ్వండి. డబ్బాలో ఇంటికి తెప్పించి అందరికీ పంచకండి. నవ్వుతున్నారు, అంటే పంచుతున్నారన్నమాట! పొగాకు కలిపిన ఖర్రా నమిలే అలవాటు ఉన్న తల్లులు దయచేసి మానండి. పొగాకు రసం పాలలోకి దిగుతుంది, పాలూ తగ్గుతాయి. కల్లు తాగితే పాలు పడతాయనే మాట కూడా వట్టిదే, మత్తు పదార్థం పాలు దిగకుండా అడ్డుపడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ వినే మాట. పాలు చాలడం లేదు. బిడ్డ ఏడిస్తే చాలు, పాలు చాలడం లేదు. పక్కింటావిడ వచ్చి, నీ పాలు పల్చగా ఉన్నట్టున్నాయే అంటుంది. తల్లికి టెన్షన్ మొదలు. టెన్షన్ పడితే పాలు దిగడం నిజంగానే తగ్గుతుంది. చూశారా ఎలా ఉందో? చాలవని అనడం వల్లే చాలకుండా పోతాయి! చాలుతున్నాయో లేదో చూడటానికి రెండే చూడండి. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు ఉచ్చ పోస్తున్నాడా? రెండు వారాల కల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి వచ్చాడా? మొదటి నాలుగు రోజులు కొంచెం తగ్గుతారు, అది మామూలే. ఈ రెండూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఏడుపుకు వంద కారణాలుంటాయి. దోమ కుట్టి ఉండొచ్చు.

నిజంగా చాలకపోతే? అప్పుడు నేను మొదట చూసేది బిడ్డ నోరు. చాలామంది పిల్లలు చనుమొన ఒక్కటే నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటారు. అలా అయితే పాలు రావు, మొన పగులుతుంది, తల్లికి నొప్పితో కళ్లలో నీళ్లు. నోరు బాగా తెరిచాక, ఆవులించినంత తెరిచాక, అప్పుడు బిడ్డను దగ్గరకు లాక్కోవాలి. మొన చుట్టూ ఉండే నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాలి. కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి. మింగుతున్న చప్పుడు వినపడాలి, చప్పరిస్తున్న చప్పుడు కాదు. ఇది నోటితో చెబితే రాదు. సభ అయ్యాక నా దగ్గరకు రండి, పక్కన కూర్చుని చూపిస్తాను. సిగ్గేం లేదు.

పాలు ఎంత తాగితే అంత ఊరతాయి. తాగకపోతే శరీరం అవసరం లేదనుకుని తగ్గిస్తుంది. రాత్రి పాలు మరీ ముఖ్యం, పాలు ఊరించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. డబ్బా పాలు ఒక పూట మొదలుపెడితే ఆ పూట తల్లిపాలు తగ్గుతాయి, తగ్గాయి కదా అని ఇంకో పూట డబ్బా. పదిహేను రోజుల్లో మొత్తం డబ్బాయే. ఆ డబ్బా ధర చూసి నాలుగు రోజులు వచ్చేది ఎనిమిది రోజులు రావాలని నీళ్లు ఎక్కువ కలుపుతాం. బిడ్డ కడుపు నిండుతుంది, బరువు పెరగడు. మన దేశంలో 1992లోనే చట్టం చేశారు. డబ్బా పాలకు ప్రకటన ఇవ్వకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ వేయకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని దాని మీదే రాయాలి. అమ్మేవాడి చేతే ఆ మాట రాయించారంటే చూడండి.

నెలలు నిండకుండా పుట్టి చప్పరించలేని బిడ్డలకు కూడా మేం తల్లిపాలే పిండి పడతాం. సొంత తల్లి పాలు దొరకనివాళ్ల కోసం ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లోనే తల్లిపాల బ్యాంకు పెట్టారు. ఆసియాలో అదే మొదటిది. అంత పెద్ద ఊళ్లో అన్ని మందులు పెట్టుకుని కూడా తల్లిపాలను దాచి వాడుతున్నారు.

అంత దూరం ఎందుకు, మన జిల్లా ముచ్చటే చెబుతాను. గడ్చిరోలి పేరు చెబితే బయటివాళ్లకు అడవి, నక్సలైట్లు. డాక్టర్లకు మాత్రం ఇంకోటి గుర్తొస్తుంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అని దంపతులు 1986లో ఈ జిల్లాకు వచ్చి సెర్చ్ అనే సంస్థ పెట్టారు. పల్లెల్లో పసిపిల్లలు ఇంట్లోనే పోతున్నారు, ఆసుపత్రి దాకా రావడం లేదు. అందుకని ఊళ్లోని ఆడవాళ్లకే నేర్పించారు. ఆరోగ్యదూత అని పేరు. ఆమె కాన్పు ఇంటికి పోయి బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, జబ్బు గుర్తుపట్టి మందివ్వడం చేసేది. 39 ఊళ్లలో చేసి చూశారు. నెలలోపు పిల్లల చావులు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే పత్రికలో వచ్చింది. ఇవాళ దేశమంతా ఆశా తాయి, అంటే ఊళ్లో ఉండే ఆశా కార్యకర్త, కాన్పయిన మూడో రోజు, ఏడో రోజు, అలా 42వ రోజు దాకా మీ ఇంటికి వస్తోంది చూశారా, దానికి దారి చూపింది ఈ జిల్లానే. కాబట్టి ఆశా తాయి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబెట్టి పంపకండి. లోపలికి పిలవండి, పాలు ఎలా తాగిస్తున్నారో చూడనివ్వండి.

బిడ్డ మేలు గురించే చెబుతూ పోయాను, తల్లి మేలు ఎవరూ అడగరు. నేను చెబుతాను. కాన్పయ్యాక పాలు తాగించేటప్పుడు పొత్తికడుపు పిండినట్టు నొప్పి వస్తుంది. భయపడి పాలు ఆపేస్తారు కొందరు. ఆపకండి. బిడ్డ తాగుతుంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై గర్భసంచి గట్టిగా ముడుచుకుంటుంది, అందుకే ఆ నొప్పి. ముడుచుకుంటేనే రక్తం పోవడం తగ్గుతుంది. మన దగ్గర తల్లులకు అసలే రక్తం తక్కువ. ఇక్కడి నుంచి పెద్ద ఆసుపత్రి కోసం గడ్చిరోలి పోవాలంటే ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు, వానాకాలం వాగులు పొంగితే ఆ దారి కూడా ఉండదు. అలాంటి చోట మొదటి గంటలో బిడ్డను రొమ్ముకు పెట్టడం తల్లి ప్రాణానికి కూడా కాపలా.

నెలసరి ఆలస్యమవుతుంది. ఆ నెలలన్నీ పోవాల్సిన రక్తం ఒంట్లోనే ఉంటుంది. ఇంకో సంగతి, తమ్ముళ్లూ వినండి. బిడ్డకు ఆరు నెలలు నిండలేదు, నెలసరి మళ్లీ మొదలవలేదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టడం లేదు. ఈ మూడూ ఉంటే మళ్లీ కడుపు నిలిచే అవకాశం నూటికి రెండే. మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ లెక్క చెల్లదు, అప్పుడు వేరే పద్ధతి చూసుకోవాలి. పాలిస్తున్నాం కదా ఏం కాదులే అని మోసపోకండి. ఘుట్టి పెట్టినా, నీళ్లు పోసినా మూడోది తప్పినట్టే. రొమ్ము క్యాన్సర్ కూడా తగ్గుతుంది. 30 దేశాల పరిశోధనలు కలిపి 2002లో లెక్క కట్టారు, మొత్తం మీద పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ ఆ ముప్పు నాలుగు శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అండాశయ క్యాన్సర్, షుగర్ కూడా తగ్గుతాయి.

సరే. ఇప్పుడు గుమ్మం దగ్గరివాళ్ల వంతు.

సంక్రాంతి దాటగానే ఇక్కడి నుంచి టెంపోలు బయలుదేరతాయి. గోదావరి వంతెన దాటి భూపాలపల్లి, ములుగు, వరంగల్, ఖమ్మం. మిర్చి ఏరడానికి. ఉగాది దాకా రారు. ఇల్లు గడవాలి, అప్పు తీరాలి, ఏడాదికి సరిపడా కారం తెచ్చుకోవాలి, నాకు తెలుసు. పోవద్దని నేను అంటే అది బుద్ధిలేని మాట. కానీ ఎవరు పోవాలి, ఎలా పోవాలి అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నారా ఎప్పుడైనా?

చేనులో ఏం జరుగుతుందో చూద్దాం. కూలి కిలో లెక్కన. ఎంత ఏరితే అంత. బిడ్డకు ఒకసారి పాలివ్వాలంటే సాలులో నుంచి లేచి గట్టు దాకా నడవాలి, చేతులు కడుక్కోవాలి, ఇరవై నిమిషాలు కూర్చోవాలి, మళ్లీ రావాలి. నాలుగైదు కిలోలు పోయినట్టే. పక్క సాలులో మరదలు ముందుకు పోతుంటే ఈమెకు మనసు ఆగుతుందా? అందుకే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం అన్నం టైములో ఒకసారి. రెండు సార్లు! మూడు నెలల బిడ్డకు పగలు కనీసం నాలుగైదు సార్లు కావాలి. మిగతా విడతలకు ఏం పడుతుంది? గట్టున ఉన్న ఏడేళ్ల పాప బిస్కెట్టు నీళ్లలో నానబెట్టి పెడుతుంది. బడి మాన్పించి తీసుకుపోయారు కదా ఆ పాపను, బిడ్డను చూసుకోవడానికని.

చేతుల సంగతి చెప్పండి. పొద్దంతా మిర్చి ఏరిన చేతులు ఎలా మండుతాయో నాకంటే మీకు బాగా తెలుసు. నీళ్లతో కడిగితే పోదు. మిర్చి ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు కొంచెం మంచినూనె రాసి, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద కూడా రాసి, తరువాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. చీర మీద వేసుకునే మగవాళ్ల పాత చొక్కా ఉంటుంది కదా, దాని మీద మిర్చి ఘాటుతో పాటు పురుగుమందు కూడా ఉంటుంది. అది విప్పి పక్కన పెట్టాకే బిడ్డను ఎత్తుకోవాలి. పాలు పట్టేటప్పుడు తుడుచుకోవడానికి వేరే గుడ్డ ఉంచుకోండి, కొంగుతో మాత్రం తుడవకండి. పాలు తాగుతూ తాగుతూ బిడ్డ ఒక్కసారిగా గుక్కపట్టి ఏడిస్తే దిష్టి తగిలిందంటారు. దిష్టి ఎక్కడిదమ్మా, కొంగుకున్న కారం!

ఇంతకీ ఏం చేయాలి? ఆరు నెలలు నిండని బిడ్డ ఉన్న తల్లిని ఆ ఏడాది ఇంట్లో ఉంచగలిగితే ఉంచండి. మొదటి బిడ్డకు కేంద్రం మాతృ వందన కింద ఐదు వేలు ఇస్తుంది, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు. ఒక సీజను కూలికి అది సరిపోదు, నేనేమీ సరిపోతుందని అబద్ధం చెప్పను. కానీ లెక్కలో అది కూడా వేసుకోండి. డబ్బా పాలు, విరేచనాలకు పెట్టే ఆసుపత్రి ఖర్చు కూడా వేసుకోండి. అప్పుడు కూడా పోక తప్పదంటే, బిడ్డతో పాటు ఒక పెద్దావిడను పంపండి. ఏడేళ్ల పాపను కాదు, పెద్దావిడను. చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, బిడ్డ లేవగానే తల్లిని పిలిచే మనిషి కావాలి.

కొంతసేపు తల్లి దూరంగా ఉండాల్సి వస్తే పాలు పిండి పెట్టొచ్చు. ఉడకబెట్టిన స్టీలు గిన్నె, పైన మూత, నీడపట్టున తడిగుడ్డ మీద. మూడు నాలుగు గంటలు పాడవవు, ఎండలు ముదిరితే అంతసేపు కూడా వద్దు. పట్టేటప్పుడు సీసా వద్దు. మన ముత్తవ్వల ఉగ్గుగిన్నె ఉందే, అదే మంచిది. సీసా పీకలో క్రిములు దాక్కుంటాయి, గిన్నెలో ఏముందో కంటికి కనిపిస్తుంది.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు అందులో ఒక మాట రాశారు. పని దగ్గరకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే, వాళ్లను చూసుకోవడానికి కూలీల్లోనే ఒక ఆడమనిషిని పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. ఆఫీసు ఉద్యోగం చేసే ఆడవాళ్లకు 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు ఉంది. మిర్చి చేనుకు ఈ రెండూ లేవు. చట్టం లేనిచోట ఎవరు ఇవ్వాలి ఆ టైము? మొగుడు ఇవ్వాలి, అత్త ఇవ్వాలి, కూలీలను ముఠాగా తీసుకుపోయే మేస్త్రి ఇవ్వాలి. భార్య పాలివ్వడానికి లేచినప్పుడు ఆమె సాలు నువ్వు ఏరవచ్చు కదా తమ్ముడూ? సాయంత్రం గుడారానికి వచ్చాక నీళ్లు నువ్వు మోయొచ్చు, పొయ్యి నువ్వు రాజేయొచ్చు. పాలు నువ్వు ఇవ్వలేవు, ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ చేయగలవు.

ఆరు నెలలు నిండాక అన్నప్రాసన చేస్తాం కదా, అది సరైన టైమే. పప్పన్నం మెత్తగా మెదిపి, చెంచా వంచితే జారిపోనంత గట్టిగా, చుక్క నెయ్యో నూనో వేసి పెట్టండి. పాలు మాత్రం రెండేళ్లు, ఆపైన కూడా సాగనివ్వండి. దీని గురించి అంగన్‌వాడీ తాయి వేరే రోజు చెబుతుంది, నేను ఆమె పని లాక్కోను. ఇప్పుడు మీరు అడగండి.

సభలో అడిగినవి

జ్వరం వచ్చినప్పుడు ఇవ్వొచ్చా అని అడుగుతున్నారు. ఇవ్వొచ్చు. మలేరియా జ్వరం పాల ద్వారా పోదు. మాత్రలు రాసే డాక్టరుతో మాత్రం చంటిబిడ్డకు పాలిస్తున్నానని చెప్పండి, మలేరియా మందుల్లో ఒకటి పాలిచ్చే తల్లికి చూసి ఇవ్వాల్సింది ఉంటుంది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న తల్లి కూడా ఇవ్వొచ్చు, నీళ్లు బాగా తాగాలి, రోజూ వాడే మందుల గురించి అడగాలి.

అవ్వ అడిగింది వినపడిందా అందరికీ? మళ్లీ కడుపొస్తే పాలు విషమవుతాయి కదా, మాన్పించాలి కదా అంటోంది. విషం కావు అవ్వా. కొంచెం తగ్గుతాయి, రుచి మారుతుంది, కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే మానేస్తారు. తల్లి ఒంట్లో రెండు ప్రాణాలకు తోడు పాలు కూడా కాబట్టి ఆమె ఇంకా బాగా తినాలి. ఇంతకు ముందు నెలలు నిండకుండా కాన్పయినవాళ్లు, కడుపు పోయినవాళ్లు డాక్టర్ను అడిగి నిర్ణయం తీసుకోవాలి.

మేస్త్రి బాపు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు. నాలుగుసార్లు లేస్తే రైతు ఒప్పుకోడు అంటున్నాడు. కూలి కిలో లెక్కన అయినప్పుడు రైతుకు పోయేదేముంది బాపూ, పోయేది ఆమె కూలే కదా? ఆయనకు కావాల్సింది చేను టైముకు అవ్వడం. ముఠాలో ఇద్దరు ముగ్గురు చంటిపిల్లల తల్లులు ఉంటే ఇంకో మనిషిని ఎక్కువ తీసుకుపో. టెంపో ఎక్కక ముందే రైతుకు ఫోన్లో చెప్పు, చేనులోకి దిగాక చెబితే గొడవ అవుతుంది. నీడకు పరదా, ఒక కుండ నీళ్లు, సబ్బు, నూనె సీసా, ఇవి నువ్వే పెట్టించగలవు. ఒప్పుకోని రైతులు ఉంటారు, నేను కాదనను. ఒప్పుకునేవాళ్ల ఊర్లు నీకు తెలుసు, చంటిపిల్లల తల్లులను అటు పంపు.

ఇంకొకటి, పేర్లు రాసుకునేటప్పుడు చంటిపిల్లలతో వచ్చేవాళ్లు ఎవరెవరో ఆశా తాయికి కూడా చెప్పు. ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు టీకాలు ఉంటాయి, మీరు అవతల ఉన్నప్పుడే ఆ తేదీలు వస్తాయి. తెలంగాణలో కూడా టీకా ఊరికే వేస్తారు, కార్డు చూపిస్తే చాలు. కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తీసుకుపోండి. పెట్టె అడుగున పెట్టి ఇంటి దగ్గర వదిలేసి పోకండి. ఇప్పుడు తూకం మొదలుపెడదాం, రెండు నెలల లోపు పిల్లలున్నవాళ్లు ముందు రండి. పాలు పట్టడం చూపించమన్నవాళ్లు ఆ పక్క గదిలో కూర్చోండి, మగవాళ్లు అటు రాకండి.